రాయపూర్ నుంచి ఫిజీకి ఎంతసేపు

రాయపూర్ విమానాశ్రయం నుంచి ఫిజీలోని నాండీ విమానాశ్రయానికి దూరమెంతని ఫోన్‌ని అడిగితే క్షణంలో చెబుతుంది. పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా ఆగకుండా పోతే పద్నాలుగు గంటల్లోపు అని కూడా చెబుతుంది. రెండూ నిజమే, రెండూ ఎందుకూ పనికిరావు. అలా ఆగకుండా పోయే విమానం లేదు. నా జీవితకాలంలో వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు.

భిలాయి సెక్టారు మార్కెట్లో ఒక ట్రావెల్స్ షాపులో విమాన టికెట్లు చేస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. మొన్న మా ఊళ్లోనే సుపేలాలో కొత్తగా అలాంటి షాపే తెరుస్తున్న ఇద్దరు పిల్లలు మా ఇంటికొచ్చి, "దీదీ, కుఛ్ టిప్స్ దో నా" అన్నారు. నేనేమైనా గుర్రప్పందేల దాన్నా టిప్పులివ్వడానికి? టీ ఇచ్చి పంపేశాను. వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. వాళ్లకి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి, అవే రాస్తున్నాను. ఏ ఏడు జీతం పెరిగింది, ఏ విమాన కంపెనీ గోడ గడియారం బహుమతిచ్చింది అన్నవి మాత్రం కావు. ఆ గడియారాలన్నీ ఎప్పుడో ఆగిపోయాయి.

అడిగేది ఒకటి, కావలసింది ఇంకొకటి

షాపులోకి వచ్చిన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఒకటే. "ఎంతసేపు పడతాది దీదీ?"

దానికి స్క్రీను మీద కనబడే అంకె చదివి చెప్పేస్తే పని అయిపోయినట్టే అనుకుంటారు కొత్తవాళ్లు. అది విమానం లెక్క, మనిషి లెక్క కాదు. స్టీల్ ప్లాంటులో రిటైరై కొడుకు దగ్గరికి వెళ్లే పెద్దాయన ఎంతసేపని అడిగితే, ఇన్సులిన్ ఎన్నిసార్లు వేసుకోవాలి, దాన్ని చల్లగా ఎక్కడ పెట్టుకోవాలి అని ఆయన బాధ. చంకలో బిడ్డతో వచ్చినావిడ అడిగితే పాలపొడి ఎంత పట్టుకెళ్లాలో తెలియాలి. వాళ్లు ఆ మాట పైకి అనరు. ఎందుకు అడుగుతున్నారో ముందు మీరు అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

నేను ఎప్పుడూ గుమ్మం నుంచి గుమ్మానికి లెక్క చెప్పేదాన్ని. మన భిలాయి వాళ్లకి విమాన ప్రయాణం రోడ్డు మీదే మొదలవుతుంది. ఇంటి దగ్గర కారెక్కి, భిలాయి-3 అనే పేట దాటి, కుమ్హారీ దగ్గర లారీల వెనక ఇరుక్కుని, రాయపూర్ ఊరు చుట్టి విమానాశ్రయం చేరేసరికి గంటన్నర. అక్కడ ముందుగా కూర్చోవడం. తర్వాత దిగినచోట ఇంకో విమానం కోసం పడిగాపులు. చివరికి దిగిన దేశంలో గడియారం మనకన్నా ముందుంటుందా, వెనక ఉంటుందా అన్నది వేరే. ఫిజీలో ఆరున్నర గంటలు ముందు. ఇవన్నీ కలిపితే పద్నాలుగు గంటల దూరం ఒకటిన్నర రోజు అవుతుంది. ఆ మాట వినగానే మొహం మాడ్చుకుని పక్క షాపుకి పోయినవాళ్లు చాలామంది. వాళ్లలో సగం మంది తిరిగొచ్చారు.

తివారీజీ దారం

మా యజమాని తివారీజీకి ఒక రబ్బరు బంతి ఉండేది. దాని మీద దేశాలన్నీ అచ్చువేసి ఉండేవి. నేను చేరిన కొత్తలో ఒక దారం ముక్క ఇచ్చి, రాయపూర్ మీద ఒక కొస, అమెరికా మీద ఒక కొస పట్టుకుని బిగించమన్నారు. గోడ మీద పటంలో చూస్తే అమెరికా పడమటికి తిన్నగా ఉన్నట్టుంటుంది. బంతి మీద దారం మాత్రం ఉత్తరానికి ఎగబాకి మంచు సముద్రాల మీదుగా పోయింది.

"దేఖా పద్మా? భూమి గోళంగా ఉంది, కాగితంలా లేదు" అన్నారు ఆయన తనకొచ్చిన తెలుగులో.

నాకు భూగోళం బడిలో ఎక్కలేదు. ఆ దారంతో ఎక్కింది. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఇప్పటికీ ఎవరైనా "విమానం అటెందుకు తిరిగిపోతంది?" అని అడిగితే బత్తాయి మీద దారం చుట్టి చూపిస్తాను.

కానీ ఆయనలో ఒక జబ్బు ఉండేది. దారం పొట్టిగా ఉంటే చాలు, ప్రయాణం కూడా పొట్టిదే అనేవారు. విమానం దిగిన గంటకే రెండో విమానం ఉంటే "వాహ్!" అని చిటిక వేసేవారు. రెండు కంపెనీల్లో రెండు వేరు టికెట్లు కొని అతికిస్తే చవగ్గా వస్తుందని మురిసిపోయేవారు. రోలింగ్ మిల్లు ఫోర్‌మన్ ఒకాయనకి గల్ఫ్‌లో కాంట్రాక్టు పని దొరికితే అలాగే అతికించి ఇచ్చారు. మొదటి విమానం ఆలస్యమైంది. రెండో కంపెనీ వాళ్లు "మీ మొదటి విమానంతో మాకేం సంబంధం?" అన్నారు. ఆయన ముంబయిలో పెట్టె మీద కూర్చుని మాకు ఫోన్ చేస్తే తివారీజీ, "హమారీ క్యా గల్తీ? జహాజ్ లేట్ థా" అని, విమానం ఆలస్యమైతే మన తప్పేముంది అన్నట్టు ఫోన్ పెట్టేశారు. మంచి మనిషే, కానీ ఆ ఒక్క మాట నేను క్షమించలేదు. పిల్లలూ, ఇది రాసుకోండి. దూర ప్రయాణానికి ఒకటే టికెట్ ఉండాలి. ఆలస్యం వాళ్లదైతే బాధ్యతా వాళ్లదే అవుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకే టికెట్ మీద మూడు విమానాలుంటే, మొదటిది ఎక్కకపోతే మిగతా రెండూ వాటంతటవే రద్దయిపోతాయి. "రాయపూర్‌లో తప్పితే తప్పింది, కారులో హైదరాబాద్ పోయి రెండోది ఎక్కేద్దాం" అనుకునేవాళ్లు ప్రతి ఏడూ దొరుకుతారు. అక్కడ సీటు ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

మంగళవారం

మా సెక్టారులో మూడు వీధుల అవతల అప్పలరాజు అని క్రేన్ ఆపరేటర్ ఉన్నాడు. అతని కూతురు హారిక బరువులెత్తుతుంది. తల్లి చిన్నప్పుడే పోయింది. నాయనమ్మ పెంచింది. ఆ ముసలావిడని వీధంతా మామ్మ అనే పిలుస్తుంది, నేనూ అంతే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇన్నేళ్లైనా మామ్మ మాటలో ఆ ఊరు అలాగే ఉంది. ఆవిడ గుంటా అని పిలిచే మనవరాలు మాత్రం కోపం వచ్చినా నవ్వొచ్చినా హిందీలోకి పోతుంది.

హారికకు ఫిజీలో జూనియర్ల పోటీకి పిలుపొచ్చింది. ముందు ఏడాది మోకాలు దెబ్బతిని ఒక అవకాశం పోయింది. ఈ పోటీ అయ్యాక జూనియర్ల వయసు దాటిపోతుంది. అక్కడ బరువెత్తి ఒక లెక్క చూపిస్తేనే జాతీయ శిబిరంలోకి తీసుకుంటారు, లేకపోతే ఇంటికే. అంతకన్నా చిక్కు ఏమిటంటే, పోటీకి ముందు మనిషిని తూస్తారు. తన విభాగానికి ఉన్న హద్దుకి వంద గ్రాములు ఎక్కువున్నా వేదిక దగ్గరికి కూడా రానివ్వరు.

నేను ఒకే టికెట్ మీద రాయపూర్ నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి సింగపూర్, అక్కడి నుంచి నాండీ కుదిర్చాను. హైదరాబాద్‌లో కోచ్ కలుస్తాడు. తూకానికి ఒకటిన్నర రోజు ముందు దిగుతుంది. తివారీజీ వచ్చి చూసి పెదవి విరిచారు. ఇంకా చవకలో, ఇంకా తక్కువ గంటల్లో, తూకం రోజు తెల్లవారి దిగే దారి ఉందన్నారు. ఆ రోజు నాకు ఆయన మీద ఒళ్లు మండింది. "ఆ పిల్ల సామాను కాదు తివారీజీ, దింపగానే బరువు సరిపోవడానికి" అన్నాను. ఆయన బంతి తీసుకుని లోపలికి పోయారు.

తివారీజీని దాటాను గాని మామ్మ దగ్గర ఆగిపోయాను. విమానం మంగళవారం.

"మంగళారం పూట ఆడపిల్లని గడప దాటించడమేటే పద్మా? నీకు మతి గాని పోనాదేటి? బుధారం సెయ్యి. ఒక్కరోజుకి ఏటైపోతాది?"

"సింగపూర్ నుంచి అక్కడికి రోజూ విమానం లేదు మామ్మా. తర్వాతది ఎక్కితే తూకం నాడు పొద్దున్న దిగుతాది."

"దిగితే మరేటి?"

హారికే అందుకుంది. "మామ్మా, అన్ని గంటలు కూర్చుంటే బాడీ మే పానీ రుక్ జాతా హై, నీరు పడుతుంది. కాళ్లు వాస్తాయి. వెయిట్ జ్యాదా ఆయా తో బస్, బాహర్!"

మామ్మ ముక్కు మీద వేలేసుకుని కూర్చుంది. అలాంటప్పుడు వాదించకూడదు. దినం, వారం చూసేవాళ్లతో అవి మూఢనమ్మకాలని తగువేసుకుంటే టికెట్ పోతుంది, స్నేహం పోతుంది, వారం మాత్రం మారదు. మన తెలుగువాళ్లకి దీనికి మందు పెద్దలే పెట్టి పోయారు. మంచి రోజు మంచి వేళకి ప్రయాణమయ్యేవాళ్ల సంచి ఒకటి పక్కింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. అసలు బయలుదేరిన రోజు ఆ సంచి తీసుకుని పోవడమే. దాన్నే ప్రస్థానం పెట్టడమంటారు. ఒకసారి పెట్టాక ఆ సంచి తిరిగి ఇంట్లోకి రాకూడదు. నా సర్వీసులో ఎన్ని టికెట్లు ఈ ప్రస్థానం వల్ల నిలబడ్డాయో నాకే తెలీదు.

"సోమవారం ప్రస్థానం పెట్టేయండి మామ్మా" అన్నాను.

మామ్మ మొహం విప్పారింది. "ఆఁ, అలాగ సెప్పు మరి!"

తాళం

మంగళవారం పొద్దున్న షాపు తలుపు తీస్తుంటే ఫోన్ మోగింది. మామ్మ.

"ఓలమ్మ, పద్మా! బేగి రాయే! కరుణమ్మ నేదు, ఇంటికి తాళం! గుంట పాస్‌పోట్టు ప్రస్థానం సంచిలోనే ఉంది!"

స్కూటీ వేసుకుని వెళ్లాను. కారు ఆగి ఉంది. పెట్టె డిక్కీలో ఉంది. హారిక మెట్ల మీద కూర్చుని గోళ్లు కొరుకుతోంది. ఎదురింటి గుమ్మానికి పెద్ద తాళం.

ఎదురింటి కరుణమ్మ రైల్వే మనిషి భార్య. భర్త పోయాక ప్లాంటులో పనిచేసే కొడుకు దగ్గర ఉంటోంది. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషి. అయినా మామ్మ ఇంట్లో ఏ ప్రయాణమైనా ప్రస్థానం ఆమె ఇంట్లోనే. ఆమె ఎప్పుడూ కాదనలేదు.

"పాస్‌పోర్టు అందులో ఎందుకు పెట్టారు మామ్మా?" అనడిగాను. గట్టిగానే అడిగాను.

"మరేటి పెట్టమంటావు? బట్టలు ఎవులైనా కట్టుకుంటారు. పెయాణం సేసీది ఆ పొత్తమే కదేటి! ఆధార్ కార్డు కూడా పెట్టినాను."

పాస్‌పోర్టు వెనక పంపుదామన్నా, ఆధార్ చూపించి హైదరాబాద్ దాకా ముందు పంపిద్దామన్నా, రెండూ ఒకే సంచిలో ఉన్నాయి. మామ్మని తిట్టడానికి కూడా వీల్లేదు. ప్రస్థానం పెట్టమన్నది నేను. ఆవిడ దాన్ని ఇంకా పక్కాగా చేసింది, అంతే.

అప్పలరాజు కరుణమ్మ నెంబరుకి మళ్లీ కొట్టాడు. ఫోన్ తాళం వేసిన ఇంట్లోనే మోగింది. మేమందరం కిటికీ వైపు చూస్తూ ఆ మోత వింటూ నిలబడ్డాం. కొడుకు షిఫ్టులో ఉన్నాడు, ఎత్తడం లేదు.

"ఫోనుందంటే సంచీ లోపలే ఉంటాది పద్మక్కా" అన్నాడు అప్పలరాజు. లోపలికెళ్లి గడ్డపార తెచ్చాడు. "తాళం కొట్టేస్తాను. తరవాత కరుణమ్మ కాళ్లట్టుకుంటాను."

మామూలు మనిషికి వచ్చే ఆలోచనే అది. నాకు కూడా అదే తోచింది. కానీ ఈ పనిలో ఇన్నేళ్లు ఉన్నాక ఒకటి అలవాటైంది. ఏదైనా కనబడకపోతే, చివరగా దాన్ని చూసినవాళ్లు ఏం మాట్లాడారని అడుగుతాను. ఎన్ని పోయిన పెట్టెలు అలా దొరికాయో!

"నిన్న సంచి ఇచ్చినప్పుడు కరుణమ్మ ఏమంది మామ్మా?"

"ఏటంటాది? ఆయమ్మ తమ్ముడికి ఒంట్లో బాగోలేదంది. భిలాయి-3లో ఉంటాడు కదా, రైల్వే కోట్రసులో. పొద్దున్న ఎలా ఉంటాడో అంది. మీరు రాయపూర్‌కి ఏ దారినెల్తారమ్మా అనడిగింది. ఇంకే దారుందీ, భిలాయి-3 మీంచే అన్నాను."

నేను అప్పలరాజు చేతిలో గడ్డపార పట్టుకున్నాను. "దారి ఎందుకు అడిగిందయ్యా? సంచి లోపల వదిలేసి పోయేదైతే దారితో పనేమిటి?"

"అక్కా, అక్కడికి పోయాక సంచి ఇక్కడే ఉందని తెలిస్తే? మళ్లీ ఎనక్కొచ్చి తాళం తియ్యడానికి టైముండదు. గుంట పని అయిపోతాది."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. తాళం కొట్టి వెతికి లేదని తేలితే విమానం పోతుంది. వెతక్కుండా పోయి అక్కడ లేదని తేలినా పోతుంది. నేను హారిక వైపు చూశాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"పాపా, కరుణా ఆంటీ సంచి వదిలేసి పోదు. చలో" అంది తండ్రితో.

నేనూ కారెక్కాను. మామ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. వెనక్కి పిలవకూడదని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

భిలాయి-3

అప్పలరాజు ముందు సీట్లో రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. భిలాయి-3 స్టేషన్ వైపు తిరిగే చోట డ్రైవర్ని నెమ్మదిగా పొమ్మన్నాను.

రోడ్డు పక్కన ఎండలో ఉంది కరుణమ్మ. ఒక చేత్తో చీర కొంగు తల మీద కప్పుకుని, ఇంకో చేత్తో పసుపు పూసిన గుడ్డసంచి గుండెకి ఆనించుకుని, వచ్చే ప్రతి కారులోకీ తొంగి చూస్తోంది. హారిక కారు ఆగకముందే తలుపు తీసింది.

"వచ్చేశారా తల్లీ! మీరు దాటిపోనారేమో అని నా గుండె కొట్టుకుంటోంది" అంది కరుణమ్మ. తెల్లవారుజామున తమ్ముడు స్నానాలగదిలో పడిపోయాడని కబురొచ్చిందట. ఆటోలో పరుగెత్తింది. ఆ కంగారులో ఫోన్ మంచం మీద మర్చిపోయింది గాని సంచి మర్చిపోలేదు. మిమ్మల్ని నిద్ర లేపి సంచి వెనక్కిస్తే ప్రస్థానం చెడిపోతుందని లేపలేదంది. ఎలాగూ ఈ దారినే వస్తారని పట్టుకొచ్చిందంది. తమ్ముడికి నయమే, మరదలు చూసుకుంటోందట. తను పొద్దుటి నుంచీ రోడ్డు మీదే ఉంది.

"అక్కడ అరుగుంది కదా, కూర్చోకపోయావా?" అన్నాను.

"కూర్చుంటే సంచి కింద పెట్టాల కదమ్మా. మీవాళ్లలో కింద పెట్టొచ్చో లేదో నాకు తెలీదు. అందుకని పట్టుకునే ఉన్నాను."

అప్పలరాజు కారు దిగి ఆమెకి దండం పెట్టాడు. ఇంటి దగ్గర గడ్డపార పట్టుకున్న చేతులే అవి. ఆమెకి ఆ సంగతి ఎవరమూ చెప్పలేదు, ఇప్పటికీ తెలీదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రయాణికుల ముందు నేను ఏడ్చింది లేదు. ఆ రోజు కారులో మొహం పక్కకి తిప్పుకున్నాను.

రాయపూర్‌లో సామాను తీసుకునే కౌంటర్ మా ముందే మూసేశారు. కౌంటర్ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వాదించి లాభం లేదు, ఆ గడువు వాళ్లు పెట్టింది కాదు. కానీ బోర్డింగ్ పాస్ ముందురోజే తీసి హారిక ఫోన్‌లో పెట్టాను. బరువులెత్తే బూట్లు, నడుం బెల్టు, పోటీ బట్టలు భుజానికేసుకునే సంచిలో సర్దించాను. పెట్టె చేరకపోయినా మనిషి పని ఆగకూడదు అన్నది నేను ఎవరికైనా చెప్పే మాటే. పెద్ద పెట్టె తండ్రికి వదిలేసి పిల్ల ఒక్క సంచితో లోపలికి పరుగెత్తింది. ఆ పెట్టెలో మామ్మ చేసిన డబ్బాడు సున్నుండలు ఉన్నాయి. తూకానికి పోయే పిల్లకి సున్నుండలు! అవి తిరుగుదారిలో నేనూ అప్పలరాజూ డ్రైవరూ తిన్నాం. పొద్దున్న నుంచి ఎవరమూ ఏమీ తినలేదని అప్పుడే తెలిసింది.

చేతిలో ఉన్న రోజు

నాండీలో దిగాక హారిక ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. కోచ్ వెంటనే తూచాడట. హద్దు దాటి ముల్లు పైకి పోయింది. కాళ్లు వాచి మడమలు కనబడడం లేదంది.

"అబ్ క్యా హోగా ఆంటీ?"

"ఏటీ కాదు. నీ చేతిలో ఇంకా ఒకటిన్నర రోజుంది. నీళ్లు దిగిపోతాయి. కోచ్ చెప్పినట్టు నడువు, పడుకో" అన్నాను. అంతకుమించి నాకేం తెలుసు గనక!

తర్వాత చెప్పింది, హోటల్ చుట్టూ స్వెట్టర్ వేసుకుని తిరిగిందట. కాళ్లు గోడకి ఎత్తిపెట్టి పడుకుందట. తూకం వేళకి హద్దుకి ఒక వెంట్రుకవాసి కింద ఉంది. తివారీజీ చెప్పిన దారిలో పోయుంటే దిగిన కాళ్లతోనే తూకం ఎక్కేది, ఆ పూటే ఇంటిముఖం పట్టేది. పతకం రాలేదు, నాలుగో స్థానం వచ్చింది. ఎత్తిన లెక్క శిబిరానికి సరిపోయింది. నెల తిరక్కుండా పిలుపొచ్చింది.

ఇంకో ముక్క కూడా చెప్పింది. అక్కడ వాళ్ల బండి నడిపిన పెద్దాయన హిందీలో మాట్లాడాడట. ఎక్కడి వాళ్లని అడిగి, తెలుగువాళ్లమనగానే బండి పక్కకి ఆపాడట. ఆయన ముత్తాత విజయనగరం వైపు నుంచి చెరకు తోటల పనికి వచ్చాడట. ఆయనకి తెలుగు రాదు, "రా", "అన్నం", "అమ్మ" అన్న మాటలు తప్ప. ముత్తాత వారాల తరబడి ఓడలో వచ్చాడు, తిరిగి వెళ్లలేదు అన్నాడట. "తుమ్హే కిత్నా టైమ్ లగా, బేటీ?" అని, నీకెంతసేపు పట్టిందమ్మా అని అడిగితే, వాచిన కాళ్ల గురించి చెప్పడానికి తనకి సిగ్గేసిందని హారిక అంది.

ఆ పోటీ తర్వాత ఎవరి లెక్క వాళ్లు చెప్పారు. ప్రస్థానం బలమని మామ్మ. ప్రార్థన చేశానని కరుణమ్మ. తన షాపు పేరు నిలబడిందని తివారీజీ. నేను ఎవరితోనూ తగువు పడలేదు. కానీ పిల్లలూ, మీరడిగిన టిప్పు ఇదే. దూరం తగ్గించడం మన చేతుల్లో లేదు. విమానం వేగం మన చేతుల్లో లేదు. మనిషి చేతిలో ఒక రోజు మిగిల్చి పంపడం ఒక్కటే మన చేతుల్లో ఉంది. గంట తక్కువని ఆశపెట్టి ఆ రోజు లాక్కోకండి. బయలుదేరేముందు ఫోన్ చేసి, పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని ఫొటో పెట్టమనండి. "ఇంట్లోనే ఉంది దీదీ" అంటే నమ్మకండి.

నేను రిటైరైపోయాను. తివారీజీ షాపు అమ్మేసి కూతురి దగ్గరికి పోయారు. బంతి నాకిచ్చారు. కరుణమ్మ తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. మామ్మ ఎదురింట్లో వేరే ఎవరో వచ్చారు.

పోయిన నెలలో ఒక సాయంత్రం మామ్మ కర్ర పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చింది. చేతిలో పసుపు పూసిన గుడ్డసంచి.

"గుంట ఎల్లుండి మళ్లీ ఎల్తంది. ఈపాలి ఇంకా దూరమంట. రేపేమో అమాస, ఎల్లుండి పాడ్యమి. ప్రస్థానం నీ ఇంట్లోనే పెడతన్నాను."

"నా ఇంట్లోనా మామ్మా?"

"నువ్వు రిటైరైపోనావు కదేటి. ఎక్కడికీ ఎల్లవు."

సంచి తీసుకున్నాను. చదరంగా, గట్టిగా ఏదో తగిలింది. "మామ్మా, పాస్‌పోర్టు ఇందులో లేదు కదా?"

"ఎందుకుండదు?" అంది మామ్మ. "పెయాణం సేసీది అదే కదేటి."

తీసి చేతికిచ్చేద్దామని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లు అందరికీ చెప్పిన మాటే అది. ఆవిడ మొహం చూసి అనలేకపోయాను. ఆ రెండు రోజులూ నేను కూరగాయలకి కూడా పోలేదు. బయలుదేరే రోజు పొద్దున్నే లేచి స్నానం చేసి వరండాలో కుర్చీ వేసుకున్నాను. ఇలాంటివి నేను నమ్మనని మా వీధిలో అందరికీ తెలుసు. పక్కన బల్ల ఖాళీగా ఉంది. సంచి కోసం వాళ్ల కారు మా వీధిలోకి మలుపు తిరిగేదాకా ఆ సంచి నా ఒళ్లోనే ఉంది.